పొరుగువాని ఓటమిని కోరవచ్చునా?

ధ్యానమునకు వాక్యభాగములు: 2 సమూయేలు 1వ అధ్యాయము, యోనా 4వ అధ్యాయము



పొరుగువానికి కీడు చేయకూడదని మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. పొరుగువానికి కీడు కలుగవలెనని కోరుటయు తప్పే యని పెద్దలందరు ఒప్పుకొందురు. అయితే మనము చేయి కదలింపకుండగనే, కీడు అనదగినది ఏదియు జరుగకుండగనే, వేరొకడు ఓడినగాని మనకు చోటు దొరకని సమయములు కలవు. అట్టి సమయమున అతడు ఓడిపోవలెనని హృదయములో కోరుకొనుట తప్పగునా? మా యౌవనస్థుల కూడికలో ఈ ప్రశ్న క్రికెట్ మాటల మధ్య పుట్టినది. గనుక ఆ ఆటతోనే మొదలు పెట్టెదము. ఆట సంగతి మనకెందుకని పెద్దలెవరును ఈ పుట త్రిప్పివేయకుందురు గాక. ఇది ఆటతో ముగియునది కాదు. మన పసుపు కళ్లముల వరకు వచ్చును.

క్రికెట్ చూచుట క్రైస్తవునికి తగునా అను పాత వాదములోనికి మేము దిగము. ఆరాధన మానకుండ, ఇంటి పని చెడకుండ, పందెము కాయకుండ చూచువానితో మాకు తగవు లేదు. పందెము మాత్రము వేరు సంగతి. ఫోనులో కాయు పందెములవలన నగలు, ఎడ్లు, చివరకు పొలము పట్టాలు సహా తాకట్టునకు పోవుచున్నవి. దానిని గూర్చి మరియొక నెల వ్రాసెదము.

ఐ.పి.ఎల్. పోటీని ఎరుగనివారి కొరకు రెండు మాటలు. 2019లో ఎనిమిది జట్లుండెను. ఒక్కొక్క జట్టు 14 ఆటలు ఆడవలెను. గెలిచిన ఆటకు 2 పాయింట్లు. మొదటి నాలుగు స్థానములవారు మాత్రమే తరువాతి ఆటలకు పోవుదురు. ఇద్దరి పాయింట్లు సమానమైనచో నెట్ రన్‌రేటు చూతురు; అనగా ఓవరుకు తాము తీసిన పరుగుల సగటులోనుండి ఎదుటివారికి ఇచ్చిన పరుగుల సగటును తీసివేయగా మిగులు లెక్క.

హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టు ఆ సంవత్సరము కడవరి వారములో చిక్కులో పడెను. మే 2వ తేదిన ముంబయిలో ముంబయి ఇండియన్స్‌తో ఆడినప్పుడు మనీష్ పాండే చివరి బంతికి సిక్సరు కొట్టగా ఆట సమానమాయెను గాని, ఆ తరువాత ఆడిన సూపర్ ఓవరులో మనవారు ఓడిరి. మే 4వ తేదిన బెంగుళూరులో 175 పరుగులు చేసియు ఓడిరి. దానితో 14 ఆటలును అయిపోయెను. గెలిచినవి 6, ఓడినవి 8, పాయింట్లు 12. ఇక చేయుటకు వారి చేతిలో ఏమియు లేదు. మరునాడు, మే 5వ తేది రాత్రి, ముంబయిలో కోల్‌కతా నైట్ రైడర్స్ జట్టు ముంబయితో ఆడవలసియుండెను. కోల్‌కతా గెలిచినయెడల 14 పాయింట్లతో వారు లోపలికి పోవుదురు, మన జట్టు ఇంటికి వచ్చును. కోల్‌కతా ఓడినయెడల వారును 12తోనే ఆగుదురు. మన రన్‌రేటు మేలు గనుక నాలుగవ చోటు మనది.

ఆ దినము నెలలో మొదటి ఆదివారము. అనేక సంఘములలో ప్రభు సంస్కారపు బల్ల సిద్ధపరచు దినము. ఉదయము ఒకే రొట్టెలో పాలుపొందిన మన పిల్లలు సాయంకాలమునకు ఫోనులు పట్టుకొని, ఎన్నడును చూడని కోల్‌కతావారి వికెట్లు ఎప్పుడు పడునా యని కనిపెట్టుకొనియుండిరి. కోల్‌కతా 20 ఓవర్లలో 7 వికెట్లకు 133 మాత్రమే చేసెను. ముంబయి ఒక్క వికెట్టు పోగొట్టుకొని 16.1 ఓవర్లలో ఆ పని ముగించెను. మన రన్‌రేటు 0.577, వారిది 0.028. 12 పాయింట్లతో ప్లే ఆఫ్‌లకు పోయిన మొదటి జట్టు మనదే యని మరునాడు పత్రికలు వ్రాసెను. గెలిచిన ఆటలకంటె ఓడిన ఆటలే ఎక్కువైన జట్టు అది!

ఆ రాత్రిని గూర్చి కూడికలో మాటలు వచ్చినప్పుడు ఒక చిన్నవాడు, “ముంబయి గెలవాలని ప్రార్థన చేసుకున్న అయ్యగారూ, తప్పా?” అని అడిగెను. పక్కనున్నవాడు వెంటనే, “కోల్‌కతా ఓడాలని చేస్తే తప్పు గని, ముంబయి గెలవాలని చేస్తే తప్పేముంది?” అనెను. అందరు నవ్విరి. మాకును నవ్వు వచ్చెను. అయితే ఆ మాటలో మనుష్య హృదయపు మోసమంతయు ఉన్నది. ముంబయిమీద ఆ పిల్లవానికి ఏ ప్రేమయు లేదు. మూడు దినముల క్రిందట ఆ ముంబయియే వాని కన్నీళ్లకు కారణము. కోరిక ఒక్కటే; దానికి రెండు చొక్కాలున్నవి, ప్రార్థనకు వచ్చునప్పుడు ఉతికిన చొక్కా తొడుగుచున్నాము.

ఇక్కడ మితిమీరి కఠినముగా మాటలాడుట మాకు ఇష్టము లేదు. ఆటలో ఓడుట కీడు కాదు. బరిలో దిగువాడు ఓటమికి కూడ ఒప్పుకొనియే దిగును. వానినుండి ఎవడును ఏమియు దొంగిలలేదు. పౌలు పందెపు రంగమును గూర్చి వ్రాయుచు, పరుగెత్తువారు అనేకులైనను బహుమానము ఒక్కనికే యని తడబాటు లేకుండ చెప్పెను (1 కొరింథీ 9:24). కాబట్టి నా జట్టు గెలవవలెను, ఎదుటి జట్టు ఓడవలెను అనుకొనువాడు పాపియని మేము చెప్పము. అయితే మే 5వ తేది కోరిక వేరు జాతిది. మన జట్టు ఆడునప్పుడు మనవాడు బాగుగా బంతి వేయవలెనని, బాగుగా కొట్టవలెనని కోరుదుము. అందులో ఒక మంచి ఉన్నది. మన జట్టుకు ఆట లేని రాత్రి కోరుటకు అట్టి మంచి ఏదియు మిగలదు. ఎవడో తడబడవలెను, ఎవని చేతిలోనుండియో క్యాచ్ జారవలెను, ఎవడో తల వంచుకొని మైదానము విడువవలెను. కూర్చుండి చూచువానికి మిగిలిన పని అంతే.

అట్లు కూర్చుండి చూచిన ఒక ప్రవక్త పరిశుద్ధ గ్రంథములో ఉన్నాడు. యోనా తన ప్రకటన ముగించెను, ఇక అతడు చేయవలసినది ఏమియు లేదు. అతడు నీనెవె పట్టణమునకు తూర్పుతట్టున పందిరి వేసికొని, దాని నీడలో కూర్చుండి, పట్టణమునకు ఏమి సంభవించునో చూచుచుండెను. ఆ పట్టణము నిలిచినయెడల తన మాట పోవునని అతని బాధ. తాను ఓడిపోకుండుటకు వారు కూలవలెను. అతని కోరిక నీనెవెలో ఒక ఇటుకనైనను కదలింపలేదు. మన కోరిక వాంఖడే మైదానములో ఒక బంతినైనను త్రిప్పలేదు. అట్లయితే అది నిరపాయమైనదే గదా యని అడుగవచ్చును. నీనెవెకు అపాయము లేదు, నిజమే. యోనా సంగతి చూడుడి. ఎండకు వాడిన ఒక సొరచెట్టు కొరకు చావగోరినంత దుఃఖపడెను గాని, లక్ష ఇరువది వేలకు మించిన మనుష్యులు అతని కంటికి ఆనలేదు. ఆ అధ్యాయములో దేవుడు బాగుచేయుచున్నది యోనాను.

మేము సెమినరీలో చదువుకొన్నప్పుడు తెర్తుల్లియను అను సంఘపితరుని గూర్చి నేర్చుకొంటిమి. క్రీస్తు శకము 200 ప్రాంతములో కార్తేజు పట్టణమున నివసించినవాడు. రోమీయుల రథపు పందెములకు, కత్తియుద్ధములకు, నాటకములకు క్రైస్తవులు పోకూడదని ఒక గ్రంథమే వ్రాసెను. అందులో అతడు చెప్పిన హేతువులు అనేకము న్యాయమైనవే. అయితే ఆ గ్రంథము కడపట అతడు విశ్వాసులకు వేరొక వేడుకను చూపెట్టుచున్నాడు. కడవరి దినమున మనలను హింసించిన రాజులు, అధిపతులు అగ్నిలో పడుట చూచి ఉల్లసించుటయే ఆ వేడుక! చిన్న వేడుక కూడదని చెప్పిన దైవజనుడు దానికంటె వేయి రెట్లు పెద్ద వేడుకకు ముందు వరుసలో చోటు కోరుకొనెను. హింసలు అనుభవించిన తరమువాడు గనుక మనము తీర్పు తీర్చుటకు తొందరపడరాదు. మైదానమునకు పోనంత మాత్రమున ఈ రోగము మానదని మాత్రము దీనినిబట్టి తెలిసికొనవచ్చును. క్రికెట్ చూడని మన సంఘపెద్దలు ఈ మాట జ్ఞాపకముంచుకొందురు గాక.

ఎదుటివాని ముఖము కనబడనంతసేపే ఈ కోరిక తియ్యగా ఉండును. అమెరికా దేశములో బేస్‌బాల్ అను ఆట కలదు. మన గిల్లీదండను కొంత, క్రికెట్‌ను కొంత పోలినది. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు నూటయేబదికి పైగా ఆటలాడుదురు గనుక, తమ జట్టు ముందువారికంటె ఎన్ని ఆటలు వెనుకబడియున్నదో అభిమానులు దినదినము లెక్క వేసికొందురు. 1951లో న్యూయార్కు జయింట్స్ అను జట్టు ఆగస్టు నెలలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకంటె 13 ఆటలకు పైగా వెనుకబడియుండి, కడవరి వారములలో వారిని పట్టుకొనెను. వారు గెలుచుట ఎంత ముఖ్యమో డాడ్జర్స్ ఓడుటయు అంతే ముఖ్యమైన దినములవి. అక్టోబరు 3వ తేదిన ఆఖరి ఆటలో రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని బాబీ థామ్సన్ మైదానపు గోడ దాటించెను. ఆ దెబ్బను గూర్చి అమెరికావారు నేటికిని చెప్పుకొందురు. బంతి వేసిన బ్రాంకా 2016లో చనిపోవువరకు 65 సంవత్సరములు ఆ ఒక్క బంతి పేరుతోనే బ్రతుకవలసి వచ్చెను. ఆ ఇద్దరు తరువాత స్నేహితులై, అనేక సభలలో ప్రక్కప్రక్కన కూర్చుండిరి. గెలిచినవానికి ఓడినవాని ముఖము దగ్గరగా కనబడినది.

మన ఐ.పి.ఎల్.లో నయితే ముఖములు ఒకచోటనే ఉండవు. చివరి బంతికి సిక్సరు కొట్టిన ఆ మనీష్ పాండే 2014 ఫైనలులో 94 పరుగులు చేసి కోల్‌కతాను గెలిపించినవాడే. 2020 నవంబరు 3వ తేదిన లెక్క తలక్రిందులాయెను. కోల్‌కతావారి ఆటలు అయిపోయినవి. షార్జాలో ముంబయి చేతిలో హైదరాబాదు ఓడినగాని వారికి చోటు లేదు. ఆ రాత్రి వంగదేశములో ఎన్ని ఇండ్లలో మన ఓటమి కొరకు కనిపెట్టుకొనియుండిరో! మనవారు 10 వికెట్లతో గెలిచిరి, వారు బయటనే నిలిచిరి. అట్లు బయట నిలిచిన కోల్‌కతా జట్టులో పాట్ కమిన్స్ ఉండెను. అదే కమిన్స్ 2024లో హైదరాబాదు నాయకుడై, ముందటి ఏడు అందరికంటె క్రింద నిలిచిన జట్టును ఫైనలు వరకు నడిపెను. అక్కడ వారిని ఓడించినది కోల్‌కతాయే. ఇంతకు “వారు” ఎవరు, “మనము” ఎవరము?

2019 సంగతిని గూర్చి ఒక యౌవనస్థుడు, అర్హత లేకున్నను లోపలికి చేర్చుకొనబడితిమి గదా, ఇది కృపకు సాదృశ్యము కాదా యని అడిగెను. ప్రసంగమునకు పనికివచ్చు మాటయే. అయినను మేము ఒప్పుకొనలేదు. ఆ నాలుగవ చోటు ఖాళీ అగుటకు ఒకరు లేవవలసి వచ్చినది. తండ్రి యింట నివాసములు అనేకమని ప్రభువు చెప్పెను (యోహాను 14:2). మనము లోపలికి పోవుటకు అక్కడ ఎవడును బయటికి పోనక్కరలేదు.

భూమిమీద చోట్లు కొద్దియే యని మాత్రము ఒప్పుకొనక తప్పదు. ఒక ఉద్యోగమునకు వందమంది. కాలువలో నీళ్లు తక్కువైనప్పుడు తలాపు మడికి పారినది చివరి మడికి పారదు. దావీదునకు దొరికిన చోటు కూడ అట్టిదే. సౌలు ఉన్నంతవరకు అతనికి సింహాసనము లేదు. ఏన్గెదీ గుహలో సౌలు అతని చేతికి చిక్కెను; దావీదు చంపలేదు. పిమ్మట గిల్బోవ పర్వతముమీద సౌలు కూలినప్పుడు, ఒక అమాలేకీయుడు మంచి వార్త తెచ్చితిననుకొని కిరీటమును కంకణమును పట్టుకొని సిక్లగునకు పరుగెత్తి వచ్చెను. దావీదు తన వస్త్రములు చింపుకొనెను. సాయంకాలమువరకు ఉపవాసముండెను. చనిపోయిన సౌలును యోనాతానును గూర్చి ప్రలాపగీతము పాడి, దానిని యూదావారికి నేర్పించెను. (ఆ అమాలేకీయునికి పట్టిన గతి వేరు విచారణ, దానిని ఇక్కడ సులువుగా దాటిపోవుచున్నామని చదువరులు గ్రహింతురు.) తరువాత దావీదు హెబ్రోనునకు వెళ్లి రాజుగా అభిషేకము పొందెను. చోటు వద్దనలేదు. ఇది గమనింపదగినది. ఒకని పతనమువలన వచ్చిన స్థానమును తీసికొనెను గాని, ఆ పతనమును పండుగ చేయలేదు. ఈ రెండింటి మధ్యనున్న గట్టు సన్ననిది. మన మోతాదు పొలముల గట్లవలె, ఏటేట నాగలితో కొంచెము కొంచెము గీకి కలుపుకొనవచ్చును.

ఆ గట్టు మన ప్రాంతములో ఎక్కడ తెగుచున్నదో చూతము. 2019 ఐ.పి.ఎల్. జరుగుచున్న దినములలోనే, ఏప్రిల్ 11వ తేదిన నిజామాబాదు లోక్‌సభ ఎన్నిక జరిగెను. పోటీ చేసినవారు 185 మంది. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. క్వింటాలు పసుపునకు 15,000 రూపాయల మద్దతు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని అడిగి అడిగి విసిగి, తామే నామినేషన్లు వేసిరి. బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమాయెను. అది మేలే. అయితే ధర ఎక్కునది దిగునది ఏ కాగితమునుబట్టి? ఎక్కడ ఎంత పండినదను వార్తనుబట్టి. మహారాష్ట్రలో సాంగ్లీ, తమిళనాడులో ఈరోడ్ పసుపునకు పేరుపడిన అంగళ్లు. అక్కడ వానలకు కుళ్లు తగిలి పంట పోయినదని ఫోనులో వార్త వచ్చినప్పుడు, ఆర్మూరు, బాల్కొండ తట్టున ముఖములు వికసించును. తొమ్మిది నెలలు కాచి, త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, యార్డులో కుప్పపోసికొని కూర్చున్నవాడు ఆ వార్తకు సంతోషించినందున అతనిని మేము పీఠముమీదనుండి గద్దింపలేము. అప్పు అతనిది. త్రాసు అతడు చేసినది కాదు. అతడు ధరకు సంతోషింపవచ్చును. కుళ్లుకు సంతోషించుచున్నాడా? ఆ ప్రశ్న దేవునికిని అతనికిని మధ్యనున్నది.

జీవితమంతయు పాయింట్ల పట్టికయేయని అలవాటుపడిన మనస్సునకు బోధన్‌లో మంచి జవాబు దొరకును. షక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1930ల చివర ఆరంభమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందెను. నిజాంసాగరు నీళ్లతో చెరకు, చెరకుతో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో ఊరు. 2015 డిసెంబరులో అది మూతపడెను. రైతునకు కార్మికునిపై, కార్మికునికి యాజమాన్యముపై, కట్టింగ్ ఆర్డరు ముందు దొరికినవానిపై వెనుక దొరికినవానికి ఎన్ని తగవులుండినను, అది ఆగిన దినమున ఎవడును ఒక మెట్టు పైకి ఎక్కలేదు. రైతు చెరకు దూరపు మిల్లులకు లారీలలో పోయెను, లేదా పొలము వరిగా మారెను. కార్మికుడు వలస పోయెను. గేటు ముందర టీ అమ్మినవాడును, మన కానుకల సంచియు చిక్కిపోయెను. ఒకడు పడగా వేరొకడు లేచునను లెక్క ఆ దినమున ఎవరికిని కుదరలేదు.

ఇక ఆ చిన్నవాని ప్రశ్న. ఆట చూడు, కేక వేయి, కోల్‌కతా వికెట్టు పడినప్పుడు గంతు వేసినను మేము నిన్ను సంఘక్రమశిక్షణకు పిలువము. మోకాళ్లు మాత్రము దానికొరకు వంచవద్దు అని చెప్పితిమి. దేవుని సన్నిధికి పోయి ఎవని తడబాటునైనను అడుగుట, ఆయన కోల్‌కతాలో కూడ పిల్లలను కన్నాడని మరచుట. “మరి మనోళ్లు మూడు రోజులకే ఓడిరి గద, నేను ప్రార్థన చేసినందుకా?” అని వాడు భయముతో అడిగెను. మే 8వ తేదిన విశాఖపట్టణములో ఢిల్లీ ఒక్క బంతి మిగిలియుండగా 2 వికెట్లతో మనలను ఓడించిన సంగతి వాని మనస్సులో ఉన్నది. అట్లు కాదని, దేవుడు పిల్లవాని ప్రార్థనకు పగ తీర్చుకొనుటకు ఒక జట్టునంతటిని ఓడించువాడు కాడని వానికి నెమ్మది చెప్పి పంపితిమి.

పోయిన కోతకాలపు పండుగ ఆరాధనలో పంటల కొరకు విజ్ఞాపన చేయునప్పుడు, గోదావరి, మంజీర తీరముల మన ఊళ్ల పేర్లతోపాటు సాంగ్లీ, ఈరోడ్ రైతుల పేరును ఎత్తి, వారి పొలములను కూడ దీవింపుమని ప్రార్థించితిమి. ఆమేన్ కొంచెము సన్నగా వచ్చెను. ఆరాధన ముగిసిన పిమ్మట, ఆరు ఎకరముల పసుపు వేసిన ఒక సంఘపెద్ద వాకిట నిలిచి, చెప్పులు తొడుగుకొనుచు, “అయ్యగారూ, వాళ్ల పసుపు మంచిగ పండితే మన ధర ఏమైతది?” అని అడిగెను. ఆయన కోపముతో అడుగలేదు. ఆ సంవత్సరము కుమార్తె వివాహమున్నది. మేము ఆయనతోకూడ రోడ్డు వరకు నడిచితిమి. ఈ వచ్చు కోతకాలమునకు కూడ ఆ రెండు పేర్లును విజ్ఞాపనలో ఉంచితిమి. ఆ విజ్ఞాపన చదువుమని ఆయననే అడిగితిమి. ఆలోచించి చెప్పెదనన్నాడు.